సెనేటు గది ముందర బల్ల

ఖరగ్‌పూర్ నుంచి వచ్చే లోకల్ బండి, హౌరాకు ముందొచ్చే టికియాపారా ఇంకా అర మైలు ఉందనగా ఆగిపోయింది. ఆ బండికి అది అలవాటే. హౌరా దాకా వచ్చి, లోపలికి రమ్మనే పిలుపు కోసం కొత్త అల్లుడిలా బయటే నిలబడిపోతుంది. అరవై మూడో సంవత్సరం, జూలై నెల. కిటికీ చెక్క దించినా వానజల్లు మోకాళ్ళ మీద పడుతూనే ఉంది. నేను సంచిలోంచి తెలుగు పుస్తకం తీశాను.

ఎదురుగా ఇత్తడి బొత్తాల ఖాకీ కోటులో యాభై దాటిన మనిషి కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డమూట. నా పుస్తకం అట్ట వైపు మూడుసార్లు చూసి, నాలుగోసారి ఉండబట్టలేక ముందుకు వంగాడు.

"ఏటి బాబూ, తెనుగు పొస్తకమా? మన దేశపోలేనా?"

మన దేశమంటే ఆయన లెక్కలో టెక్కలి. తాతది అక్కడ. తండ్రి రైలు పట్టాలు వేసే ముఠాతో వచ్చి టికియాపారాలో ఉండిపోయాడు. ఈయన పుట్టిందీ, క్రీస్తు గుడిలో పెళ్ళాడిందీ ఇక్కడే. పేరు ఎలీయాజరు. నగరంలో ఒక విశ్వవిద్యాలయం సెనేటు గది గుమ్మం దగ్గర ఇరవై ఆరేళ్ళుగా బంట్రోతు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. ఆయన నాకు చెప్పినవన్నీ వాళ్ళకు నచ్చవు.

మూటలో ఏముందని అడిగాను. పాత తెలుగు వాచకాలు. ఖరగ్‌పూర్ రైల్వే బడిలో పనిచేసి రిటైరైన గురువులు మాస్టారి అటక మీంచి దింపించి తెస్తున్నాడట. కూతురు డోర్కాస్ బి.ఏ. పరీక్షలో మాతృభాష పేపరు తెలుగులో రాయబోతోంది. ఫారం ఇవ్వడానికి రేపే ఆఖరి రోజు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఏడు ఆ పేపరు రాసేది ఆ పిల్ల ఒక్కతే.

"ఒక్క పిల్ల కోసం పేపరు తయారు చేస్తారా?" అన్నాను.

ఎలీయాజరు ముఖం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే బండి ఆగినట్టుంది.

ఆయన చెప్పిందంతా ఆయన మాటల్లో రాస్తే రాత్రవుతుంది గనుక నా మాటల్లో చెబుతాను. ఆ వేసవిలో సర్కారు నుంచి విశ్వవిద్యాలయానికి ఉత్తరం వచ్చింది. పదిమంది కన్నా తక్కువ మంది రాసే చిన్న భాషల పేపర్లు ఎత్తెయ్యండి, దండగ అని. ఏ పేపరు పెట్టాలో, ఏది తియ్యాలో మేము చూసుకుంటాం అని సెనేటు వారి పౌరుషం. సరే, మీటింగు పెట్టుకోండి, మా అధికారి వచ్చి దగ్గర కూర్చుంటాడు అని సర్కారు. ఆ అధికారి పేరు శ్యామసుందర్ బాబు. జీపు దిగి, ఫైలు చంకలో పెట్టుకుని, తిన్నగా సెనేటు గది తలుపు మీద చెయ్యి వేశాడు. ఎలీయాజరు ఆ చేతికీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు.

ఆ గుమ్మానికొక పద్ధతి ఉంది. ఎలీయాజరుకు ముందు అక్కడ పనిచేసిన కూర్మయ్య, కోటు విప్పి ఇస్తూ ఇది కూడా అప్పగించాడట. మీటింగు నడుస్తుండగా మెంబరు కానివాడు ఎవడొచ్చినా బయట బల్ల మీద కూర్చోవాలి. పని చీటీ మీద రాసివ్వాలి. చీటీ లోపలికి వెళుతుంది, జవాబు బయటికి వస్తుంది. అందాకా లాటు సాహెబైనా బల్ల మీదే.

శ్యామసుందర్ బాబు తాను సర్కారునని చెప్పాడు. ఎలీయాజరు సలాము కొట్టి బల్ల చూపించాడు. అప్పటికే ఆ బల్ల మీద మార్కుల కాగితం పోగొట్టుకున్న కుర్రాడొకడూ, మనవడి సీటు కోసం వచ్చిన ముసలాయనొకడూ ఉన్నారు. వాళ్ళిద్దరూ జరిగి, బెంగాల్ సర్కారుకు మధ్యలో చోటిచ్చారు. ముప్పావు గంట కూర్చున్నాడు. ఎలీయాజరు మట్టి ముంతలో టీ తెచ్చిచ్చాడు.

ఇక్కడ నేను ఆగక తప్పదు. గుమ్మం కాసేవాడంటే మనకు చులకన. చీనా నుంచి వచ్చిన ఒక యాత్రికుడు రాసుకున్నాడు: నలందలో చేరదలచినవాణ్ణి ద్వారం దగ్గరే ప్రశ్నలతో నిలవేసేవారట, పదిమందిలో ఏడెనిమిది మంది అక్కణ్ణుంచే ఇంటిదారి పట్టేవారట. అంటే ఆ విద్యాలయంలో మొదటి పండితుడు గుమ్మంలోనే ఉన్నాడు. ఇటలీలో బొలోనియా అనే ఊళ్ళో పూర్వం విద్యార్థులే సంఘం కట్టి పంతుళ్ళను కుదుర్చుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన పంతులికి జరిమానా. చదువు మీద పెత్తనం ఎవరిదన్నది ఏ కాలంలోనూ తేలిన తగాదా కాదు. ఈ రెండు సంగతులూ చెబితే ఎలీయాజరు శ్రద్ధగా విని, ఆ చీనా ఆయన వానలో వచ్చాడా ఎండలో వచ్చాడా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. కొంచెం నిరాశపడ్డాడు.

శ్యామసుందర్ బాబు దుర్మార్గుడేమీ కాదట. టీ తాగుతూ న్యాయమైన మాటే అన్నాడట: బాబూ, జిల్లాల్లో కాలేజీ లేని ఊళ్ళున్నాయి, జనం మమ్మల్ని అడుగుతారు, మేము మీ సెనేటును అడక్కపోతే ఎవర్ని అడగాలి అని. ఎలీయాజరుకు అదీ నిజమే అనిపించింది. లోపలివాళ్ళు దేవతలు కారని ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు? మేనల్లుళ్ళకు ఉద్యోగాలిచ్చుకున్నవారున్నారు. ఒకాయన ఎప్పుడూ నిద్రపోతాడు. చేతులెత్తమన్నప్పుడల్లా పక్కవాడు పొడిస్తే లేచి రెండు పక్షాలకూ చెయ్యెత్తుతాడు.

"అడగొద్దని ఎవులన్నారు బాబూ," అన్నాడు ఎలీయాజరు నాతో. "అడగాల. బల్ల మీద కూకోని అడగాల. లోపల కుర్సీలో కూకుంటే అది అడగడం కాదు గదా."

చివరికి లోపలికి పిలిచారు. చెప్పదలచింది చెప్పించుకుని, చేతులెత్తే ముందు మర్యాదగా బయటికి పంపారు. చిన్న పేపర్లన్నీ నిలిచాయి.

ఆ ముప్పావు గంటా లోపల నలిగింది తన కూతురి పేపరేనని ఎలీయాజరు ఎవరికీ చెప్పలేదు. తలుపుకు చెవి కూడా ఆనించలేదు. మర్నాడు మాత్రం ఆగలేకపోయాడు. గుమాస్తాలకూ, క్యాంటీనువాళ్ళకూ, ఆఖరికి ఎదురుపడిన శ్యామసుందర్ బాబుకూ చెప్పేశాడు, ఆ పేపరు రాసేది మా గుంటే అని. ఇప్పుడు ఆఫీసంతా డోర్కాస్ ఫారం కోసం చూస్తోంది.

బండి కదిలింది. వానలో ఎక్కడికి పోతారు, మా ఇంట భోంచేసి పొద్దున్న వెళ్ళండి అని ఆయన నా సంచి అందుకున్నాడు. నాకెక్కడికీ పోవలసిన తొందర ఏ వయసులోనూ లేదు.

రైల్వే క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు. భార్య తబితా ఎండు నెత్తళ్ళు వేయించి, చింతపండు చారు పెట్టింది. డోర్కాస్ పందొమ్మిదేళ్ళ చురుకైన పిల్ల. తల్లితో తెలుగు, పక్కింటివాళ్ళతో బెంగాలీ, కుళాయి దగ్గర వంతు కోసం హిందీ. మూడూ ఒకే గుక్కలో వస్తాయి.

అన్నాలయ్యాక ఎలీయాజరు నన్ను పరీక్షాధికారిని చేశాడు. పిల్లను బైబిలు వాక్యం చదవమన్నాడు. వాళ్ళ తెలుగు గుడిలో ఆదివారం వాక్యం చదివే వంతు నెలకొకసారి డోర్కాస్‌దే. ఆ చదువు విని దయమ్మ అనే ముసలావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందట. పిల్ల పెద్ద పుస్తకం తెరిచి చదివింది. తడబాటు లేదు, ఒత్తులన్నీ ఒత్తుల్లా పలికాయి. నాకు నిజంగా ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే తప్పు చేశాను. నా సంచిలో పుస్తకం తీసి, ఇదీ ఒక పేజీ చదువమ్మా అన్నాను.

డోర్కాస్ పుస్తకం పట్టుకుంది. అందులోకి చూసింది. తరవాత తల్లి వైపు చూసింది. తబితా ఉన్నట్టుండి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. పిల్ల ఒళ్ళోంచి పెద్ద పుస్తకం జారి, మధ్యలోంచి మడత కాగితం కింద పడింది. నేనే తీశాను. ఇప్పుడు చదివిన వాక్యమే, తెలుగు మాటలే, మొత్తం బెంగాలీ అక్షరాల్లో రాసి ఉంది. తల్లి చెబుతుంటే పిల్ల రాసుకున్నది.

ఎలీయాజరు ఆ కాగితాన్ని దీపం దగ్గర చాలాసేపు పట్టుకున్నాడు. నాలాగే ఆయనకూ బెంగాలీ చదవడం వచ్చు.

"గుడిలో ఇన్నాళ్ళూ ఇదేనా?"

"ఇదే బాబా," అంది డోర్కాస్. "నాకు తెలుగు చెవుల్లో ఉంది. కళ్ళల్లో నేదు. కాలేజీ కాగితంలో మాతృభాష తెలుగని నువ్వే రాసినావు. నన్ను అడగనేదు."

ఆయనకు కోపం వచ్చింది. వాచకాలున్నాయి, ఎనిమిది నెలల టైముంది, నేర్చుకుంటావు, రేపు ఫారంలో తెలుగే రాయాలి, ఆఫీసులో నా ముఖం ఏం కావాలి, సెనేటు అంతటి సెనేటు నిలబెట్టిన పేపరు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఫారం ఇలా తే, నేనే నింపుతానన్నాడు.

డోర్కాస్ ఫారం తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగింది.

"శ్యామసుందర్ బాబుని బల్ల మీద కూకోబెట్టినావు గదా. నువ్వూ కూకో."

గుమ్మం పక్కన రైల్వేవాళ్ళ పాత చెక్కపెట్టె ఒకటుంది. తలుపు పడింది. ఎలీయాజరు ఆ తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యిని తనే చూసుకున్నాడు. తరవాత నెమ్మదిగా వచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. తబితా చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చెప్పేశాయి. కాసేపటికి ఆవిడ వెళ్ళి టీ తెచ్చి భర్త చేతికిచ్చింది, సర్కారుకు ఇచ్చినట్టే. అప్పుడు ఆయనకూ నవ్వు ఆగలేదు.

జేబులోంచి పెన్సిలు తీసి చీటీ రాశాడు. నాకు చూపించలేదు. తలుపు కిందనుంచి లోపలికి తోశాడు. జవాబు అలాగే బయటికి వచ్చింది. అదీ చూపించలేదు, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆ పైన ఇద్దరం వర్షం గురించీ టెక్కలి జీడిమామిడి గురించీ మాట్లాడుకున్నాం.

పొద్దున్న డోర్కాస్ అంటించిన కవరు తండ్రికిచ్చి కాలేజీకి వెళ్ళిపోయింది. బయలుదేరేముందు గూట్లో వాచకాల కోసం చూశాడు ఎలీయాజరు. మొదటిది లేదు. తబితా కళ్ళతోనే పిల్ల వెళ్ళిన దారి చూపించింది.

వంతెన మీద ట్రాములో ఆయన కవరు ఒకసారి బయటికి తీశాడు. తేమకు జిగురు ఇంకా ఆరలేదు. గోరు తగిలితే ఊడి వచ్చేటట్టుంది. రుమాలుతో అద్ది లోపల పెట్టేశాడు. ఇరవై ఆరేళ్ళు సీలు కాగితాలు మోసిన చెయ్యి అది.

ఫారాల కిటికీ దగ్గర గుమాస్తా కవరు చింపి చదివి, తలెత్తాడు. అన్నగారిని పిలిచినట్టు బెంగాలీలో అన్నాడు: "ఎలీయాజర్ దా, మీ అమ్మాయి మాతృభాష పేపరు బెంగాలీ అని పెట్టింది. మరి తెలుగు రాసేదెవరు? శ్యామసుందర్ బాబు వింటే నవ్వడా?"

నేను ఎలీయాజరు ముఖం వైపు చూడటానికి కొంచెం జంకాను. అనవసరంగా జంకాను.

"నవ్వనీ. పేపరు జాబితాలో ఉంది గదా," అన్నాడు. "వచ్చే ఏడు దానికి బుద్ధి పుడితే ఎం.ఏ.కి రాసుకుంటాది. ఈ ఏటికి దాని ఇష్టం."

మెట్లెక్కి వరండాలోకి వచ్చాం. సెనేటు గది మూసి ఉంది. లోపల అప్పుడే మీటింగు మొదలైన గొంతులు. ఎలీయాజరు రాక ఆలస్యమైనా ఎవరూ లోపలికి తోసుకుని వెళ్ళలేదు. బయట బల్ల మీద, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. చేతిలో చీటీ అప్పటికే రాసి సిద్ధంగా ఉంది. పక్కన ఇంకొకరికి చోటు వదిలి మరీ కూర్చున్నాడు.

"నమస్కారం శ్యామసుందర్ బాబూ, టీ తాగారా?" అన్నాడు ఎలీయాజరు.

నా సంచి ఇంకా ఆయన భుజానే ఉంది. నా చేతికిచ్చి, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చీటీ అందుకుని, తలుపు జానెడు తెరిచి లోపలికి వెళ్ళిపోయాడు.