తూముకు తాళం

ఆ యేడు వినాయకుని నిమజ్జనం కాంగనే వానలు నిలిచిపోయినయి. అంతకుముందు గూడ చెరువు మత్తడి దుంకింది లేదు. సగానికి కొంచెం మీదికి వచ్చి ఆగిపోయింది. జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే దిక్కు ఒక చిన్న పట్నంల నేను అప్పుడు నీళ్ల సప్లయి చూసే ఇంజనీరును. పట్నమంతా తాగేది ఆ ఒక్క చెరువు నీళ్లే. చెరువు లోపల ఒక బావి కట్టి, దాంట్లకెల్లి మోటర్లతోని గుంజి, వడగట్టి, ఎత్తు ట్యాంకులకు ఎక్కిచ్చి నల్లాలకు ఇడుస్తం. అదే చెరువు కట్ట కింద, తూము నుంచి పారే నీళ్లతోని ఎన్నో తరాల సంది వరి పండుతది. ఆ వరిల మా అక్క పొలం గూడ ఉన్నది.

అమ్మ తొందరగ పోయింది. నాకు జడలేసింది, సద్ది కట్టి బడికి తోలింది అక్కనే. తను బడి ఇడిసి పొలం పనికి పోయింది, నేను చదువుకున్న. అక్కను ఇచ్చిన ఊరి పక్కనే నాకు పోస్టింగు వస్తదని ఇద్దరం ఎన్నడు అనుకోలేదు. నేను డ్యూటీల చేరిన మొదటి ఆదివారం అక్క నన్ను కట్ట మీదికి తీస్కపోయింది. "గీ నీళ్లు పొద్దుగాల నీకు, పొద్దుమూకి నాకు. కొట్లాడుకోవద్దు మరి" అని నవ్వింది.

వానలు నిలిచినంక జగిత్యాలల ఆఫీసర్లు మీటింగు పెట్టిన్రు. చెరువుల ఉన్న నీళ్లు ఎన్నాళ్లొస్తయని అడిగితే, తూము తెరిచి ఉంచితే ఎండకాలం దాకా రావని నేనే చెప్పిన. అది నిజం. తాగే నీళ్ల ముంగట వరి ఆగాలన్నరు. తూము దించి తాళమెయ్యాలని ఆర్డరు ఇచ్చిన్రు. మామూలుగ అయితే ఆ తాళం రెవెన్యూ వాళ్ల చేతుల ఉండాలె. కని ఆ వారంలనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులన్నిటికి తాళాలు పడ్డయి. తాగే నీళ్లు ఆపొద్దని సమ్మె పెద్దమనుషులే అనుకున్నరు గనుక మా విభాగం ఒక్కటి పనిచేస్తున్నది. అట్ల తిరిగి తిరిగి ఆ తాళంచెవి నా సంచిలకు వచ్చింది.

తాళమేసే రోజు ఫిట్టరును తోలుకొని కట్ట మీదికి పోయిన. ఫిట్టరు తూము చక్రం తిప్పుతుంటే కింద కాలువల నీళ్లు సన్నగై ఆగిపోయినయి. నీళ్లు ఆగినయని చూసి పొలాలల్ల ఉన్నోళ్లు తలలెత్తిన్రు. అక్క కొంగు నడుముకు చెక్కుకొని కట్టెక్కి వచ్చింది.

"ఏందే చెల్లె, తాళమేస్తున్నవా?"

"ఆర్డరక్కా. తాగే నీళ్లకు ఉంచాలంటున్నరు."

"ఉంచున్రి. ఎవరొద్దన్నరు? వరి పొట్ట మీదున్నది. ఒక్క తడి ఇయ్యి. ఒక్క తడి పారితే ఈనుతది. తర్వాత తాళమే వేస్కుంటవో, గోడే కట్టుకుంటవో నీ ఇష్టం."

"తూము లేపితే నీ ఒక్కదానికే పారదు గదక్కా. అందరికి పారుతది."

"పారనీ. అందరు మనుషులే గదా."

ఫిట్టరు తాళం నొక్కి చెవి నా చేతుల పెట్టిండు. అక్క దాని దిక్కు చూసి, "పొద్దుటి సంది ఏమన్న తిన్నవా?" అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పిన.

ఇగ పట్నంల నీళ్లు ఎట్ల ఆదా చెయ్యాలె అన్నది నా పని. పొద్దున లేస్తే గల్లీలే. ఆడ వాల్వు కారుతది, ఈడ పైపు పగిలింది. సగం నల్లాలకు మూసే పిడే లేదు, బిందె నిండినంక మిగిలింది మోరీల పోతది. ఇంట్లకెల్లి మోటరు పెట్టి గుంజేటోళ్లు ఒకరు, గుంజిన నీళ్లతోని వాకిలి కడిగేటోళ్లు ఒకరు. ఒకాయన పైపు పట్టుకొని మోటర్ సైకిల్ కడుగుతున్నడు. అన్నా గిట్ల చెయ్యకున్రి అంటే ఆయనకు కోపం గూడ రాలేదు. "రేపో మాపో తెలంగాణ వస్తది మేడం. గోదారి మన గడప ముంగటికే వస్తది. గీ బక్కెటు నీళ్లకు గింత రందెందుకు?" అన్నడు. ఆయన చొక్కాకు గూడ నా లెక్కనే సమ్మె నల్ల బ్యాడ్జి ఉన్నది.

మధ్యాహ్నం పూట మున్సిపల్ ఆఫీసు ముంగట దీక్ష టెంటు కింద పోయి కూసునేదాన్ని. డ్యూటీ చేస్తున్నా నేను గూడ సమ్మెల దాన్నే. మైకుల ఒకాయన మన నీళ్లు మనకు కావాలె అంటే అందరం చప్పట్లు కొట్టినం. నేనూ గట్టిగనే కొట్టిన. ఆ మాట నా కడుపులకెల్లి వచ్చిందే. కని చప్పట్లు కొట్టుకుంట కొట్టుకుంటనే, మన అంటే పట్నమా, అక్కనా అని మనసుల పడ్డది. పక్కన కూసున్న క్లర్కును అడుగుదామనుకున్న. ఏమని అడుగుతం?

సమ్మె ముదిరింది. బాయిల బొగ్గు తీసేటోళ్లు గూడ పని బంద్ పెట్టిన్రు. బొగ్గు లేక కరెంటు తగ్గుకుంట వచ్చింది. సిరిసిల్ల నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "వదినా, సాంచలు బందైనయి. నేసే చప్పుడు లేకుంటే చెవులు పనిచేస్తలేవు" అన్నది. ఆమె బాధ సాంచల మీద, నా బాధ మోటర్ల మీద. కరెంటు వచ్చేదే కొంచెంసేపు, వచ్చినప్పుడు గూడ బల్బు ఎర్రగ నిప్పుకణిక లెక్క వెలిగేది. ఆ కరెంటుకు ట్యాంకు సగం గూడ నిండలేదు. రోజు ఇడిసే నల్లా రెండు రోజులకొకసారైంది, తర్వాత నాలుగు రోజులకైంది. బిందెలు పట్టుకొని ఆడోళ్లు నా ఇంటి ముంగటికి వచ్చిన్రు. "చెరువుల నీళ్లు కనపడుతనే ఉన్నయి గదమ్మా, ఇయ్యనీకేం రోగం?" అన్నరు.

నిజమే, నీళ్లు కనపడుతనే ఉన్నయి. పట్నం కోసమని పొలాలకు ఆపినం, ఆపినయి పట్నానికి అందిస్తలేము. అవి ఎండకు ఎండుకుంట అట్లనే పడి ఉన్నయి.

కరెంటాఫీసుకు ఫోన్ చేసిన. మా మోటర్లకైన వేరే లైను ఇయ్యమని అడిగిన. అవుతల ఆయన, "అమ్మా, మా ఇంట్ల గూడ చీకటే. లేని కరెంటు ఏ లైన్ల పంపియ్యాలె?" అన్నడు. జనరేటరు కిరాయికి తెద్దామంటే రాస్తారోకోలతోని లారీలు కదుల్తలేవు, డీజిల్ లేదు. ఆఖరికి జోరు తగ్గిన కరెంటుకు పెద్ద మోటరు కాలిపోయింది.

పాత బస్టాండు కాడ మోటర్లకు తీగ చుట్టే చాచా ఉండె. నేను ఆ పట్నానికి వచ్చిన సంది మా మోటర్లన్నిటికి ఆయననే దిక్కు. దుకాణం బంద్ ఉన్నా, నీళ్ల పనని షట్టరు సగం లేపి లోపల కూసోని పొద్దంత చుట్టిండు. వేళ్లకు తీగ కోసుకుంటున్నా ఆపలేదు. బిగిచ్చి, మోటరు తిరిగి, ట్యాంకుకు నీళ్లెక్కుతుంటే చిన్నపిల్ల లెక్క సంబురపడ్డ. తెల్లారి మళ్ల కాలింది. మళ్ల ఆయన కాడికే పోయిన. చాచా మోటరు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"బేటీ, తీగ అయితే నేను చుడుత. కరెంటును ఎట్ల చుట్టాలె? నువ్వే చెప్పు."

ఆ మాటతోని నాకు ఏడుపొచ్చింది. ఆయన లోపలికి పోయి చెంబుల నీళ్లు తెచ్చిచ్చిండు. అడుగు కనపడే చెంబు. వాళ్లింట్ల గూడ నీళ్లు లేవని అప్పుడు చూసిన. ఒక గుటక తాగి మిగిలినయి తిరిగిచ్చిన.

ఆ రోజు జగిత్యాలకు ఫోన్ మీద ఫోన్ చేసిన. చానాసేపటికి ఒక సారు ఎత్తిండు. "సార్, మోటర్లు నడుస్తలేవు. ఉన్న నీళ్లు ఉత్తగ ఎండిపోతున్నయి. పొలాలకు ఒక్క తడి ఇడువనియ్యున్రి" అన్న. "ఆర్డరు మార్చాలంటే మీటింగు కావాలె. మీటింగుకు మనుషులు లేరు. సమ్మె అయినంక చూద్దాం. ఆలోపు నువ్వు తూము లేపితే జవాబుదారి నువ్వే" అన్నడు. కోపంగ అనలేదు. ఆయన గూడ అలిసిపోయి ఉన్నడు.

బతుకమ్మ పండుగ మొదలైన మూడు నాలుగు రోజులకు, పొద్దుగాలనే ఫిట్టరు ఫోన్ చేసిండు. తూము తాళం పలగ్గొట్టిన్రు, నీళ్లు పోతున్నయి అన్నడు. పోయి చూస్తే కట్ట మీద రైతులు చానామంది కూసోని ఉన్నరు. మా బావ గూడ ఉన్నడు. ఎవరు పలగ్గొట్టిన్రని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. పోలీసు స్టేషనుకు ఫోన్ చేస్తే, "మేడం, గిప్పుడు రైతుల మీద కేసు పెడితే ఊరు ఊరంత రోడ్డు మీదికొస్తది. మీరే సముదాయించున్రి" అన్నరు.

వాళ్లల్ల ఒక పెద్దాయన లేచి వచ్చిండు. "బిడ్డా, మా పిల్లలు గూడ పట్నంలనే చదువుకుంటున్నరు, ఆ నీళ్లే తాగుతున్నరు. మొత్తం గుంజుకోం. మీ బావికి పైనున్న పైపు మూతి కాడికి వచ్చేదాక పారనియ్యి, అడుగు పైపు నీళ్లు మీకే. ఆడికొచ్చినంక నువ్వే దించు. అడ్డం వచ్చినోని చెయ్యి నేను పట్టుకుంట."

కాదనే బలం నాకు లేదు. ఔననే అధికారం గూడ లేదు. ఫిట్టరును తూము కాడ కూసోపెట్టి, "పైనున్న పైపు మూతి కనపడుతుంటే నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పి కాలువ ఎంబడి నడిచిన. నీళ్లు నాకంటే ముందు పోతున్నయి. ఎండిన కాలువ అవి తాకంగనే నల్లబడుతున్నది. నిజం చెప్తే, చాన రోజులకు ఆ పొద్దు నా పానం తేలికైంది.

అక్క పొలం ఆయకట్టు చివర్ల ఉన్నది. నేను పోయేసరికి పార పట్టుకొని, కాలువ నుంచి మడిలకు గండి తీసి పెట్టి, గెట్టు మీద నిలబడి ఉన్నది. మడి నెర్రెలు పాసింది. వరి పొట్టతోనే ఉన్నది, ఆకులు మాత్రం సుట్టుకపోయినయి.

"వస్తున్నయా?" అన్నది.

"వస్తున్నయక్కా. పైనోళ్ల మడులు నిండుతున్నయి."

ఇద్దరం గెట్టు మీద కూసున్నం. పైనోళ్ల మడులు చాన దప్పి మీదున్నయి. పోసినన్ని తాగుతున్నయి. బావ కట్ట దిక్కు నుంచి ఉరికొచ్చి, ఒక్కొక్కల దగ్గర నిలబడి, మీది చాలు, కిందికి ఇడువున్రి అని బతిలాడుతున్నడు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అక్క సద్ది ఇప్పి నాకు పెట్టింది. పచ్చిపులుసు, అన్నం. తినుకుంట ఇద్దరం కాలువ దిక్కే చూస్తున్నం. చానాసేపటికి కాలువ వంపు కాడ ఏదో మెరిసింది. నీళ్లే. వేలంత సన్నగ, చెత్తను ముంగట వేసుకొని మెల్లగ వస్తున్నయి. అక్క అన్నం గిన్నె పక్కకు పెట్టి లేచింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"మేడం, పైనున్న పైపు మూతి కనపడుతున్నది. ఇంక పోతే అడుగు పైపుకు బురదే మిగులుతది. దించాల్నా?"

అక్క ఆగి నా దిక్కు చూసింది. ఫిట్టరు మాట ఆమెకు గూడ ఇనపడ్డది. పట్నంల బిందెలు పట్టుకొని నిలబడ్డ ఆడోళ్లు, చాచా ఇంట్లున్న చెంబు, ఈ మడి, అన్నీ ఒక్కసారే కండ్ల ముంగటికొచ్చినయి. ఇంకొంచెంసేపు ఆగుమందామని నోట్ల దాక వచ్చింది.

"దించు" అన్న.

తూము దించినా కాలువల ఉన్న నీళ్లు కొంత దూరం వస్తయి. అవి వచ్చినయి. అక్క తీసిన గండి దాక పారి, మొదటి సాలు వరి మొదళ్లను తడిపి, నెర్రెలల్ల ఇంకిపోయినయి. వెనుక ఇంక రాలేదు. అక్క పార తోని గండి మూసింది. మూయనీకె ఏం లేకున్నా మూసింది. నేను ఏదో చెప్పబోతే, "గిన్నెల అన్నం మిగిలింది, తిను. ఎండకు పాడైతది" అన్నది. తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

దసరా తర్వాత సమ్మె ఆగింది. కరెంటు మెల్లగ మళ్లొచ్చింది. చెరువుల మిగిలిన నీళ్లు బురద బురదగ వస్తే, పట్నంల వాళ్లు సీసాలల్ల పట్టుకొచ్చి నా టేబులు మీద పెట్టిన్రు. తాళం పలిగినందుకు నాకు మెమో వచ్చింది, జవాబిచ్చిన, ఆ సంగతి ఆడికే పోయింది. పైనోళ్ల వరి కొంత పండింది. అక్క వరి ఈనింది గని అన్నీ తాలు గింజలే. కోత కూలి గూడ దండుగని పసులను ఇడిసిన్రు. ఆ రోజు నేను ఆ ఊరికి పోలేదు. బావనే ఫోన్ చేసి చెప్పిండు.

హోలీ పోయినంక బావ మస్కటుకు పోయిండు. జగిత్యాల బస్టాండుల ఎక్కిచ్చనీకె నేను, అక్క పోయినం. బస్సు కదిలే ముంగట బావ కిటికీల నుంచి చెయ్యి బయటపెట్టి, "మర్దలా, నువ్వు మనసుల పెట్టుకోకు. నీళ్లుంటే నువ్వియ్యవా మాకు?" అన్నడు. నేను తలూపిన. ఆ మాటను ఇప్పటికీ ఎట్ల మొయ్యాల్నో నాకు తెల్వదు.

ఆ పొద్దు అక్క మా ఇంట్లనే ఉన్నది. ఇంటికొచ్చి, బావ పోయే ముంగట మా ఇంట్ల ఇడిసిన బట్టలను ఒక మూటగ కట్టుకుంట అడిగింది.

"మీ దిక్కు రేపు నల్లా వస్తదా? గివి ఉతికి పిండుకొని పోత."

ఏ గల్లీకి ఏ రోజు నల్లా ఇడువాల్నో చెప్పేది నేనే.

"రాదక్కా, ఎల్లుండి" అన్న.

"అయితే తియ్యి" అని మూట సంచిల పెట్టుకున్నది.