ఎండకు పెట్టిన పసుపు దారాలు

తొంభైల చివర్లో నేను అశోక్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని పరిశోధన చేస్తుండేదాన్ని. క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థం ఒంట్లోకి వెళ్లి విటమిన్ ఎ అవుతుంది. కానీ దానికి గాలి పడదు, వేడి పడదు, వెలుతురు అసలే పడదు. అంత సుకుమారం. దాన్ని పాలిమర్ ద్రావణంలో కలిపి, సూదిలోంచి వేల వోల్టుల కరెంటుతో లాగితే, విడిగా కంటికి ఆననంత సన్నటి దారాలు వస్తాయి. వాటి కడుపులో అది చెడకుండా ఉంటుందని మా ఆశ. మా అమ్మకైతే ఇదంతా విప్పి చెప్పలేక, దారం తీసే పని అని చెప్పి ఊరుకున్నాను.

వానాకాలం వచ్చిందంటే ఆ దారం సాగేది కాదు. గాలిలో చెమ్మకు సూది చివర ద్రావణం చుక్కలు చుక్కలుగా కారేది. నెలల తరబడి తిప్పలు పడితే, దారాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని అరచేయంత పసుపు పొర ఒక్కటి సరిగ్గా వచ్చింది. అసలు పదార్థం ఆఖరి చిటికెడు కూడా అందులోకే పోయింది. ఆ పొరలో విటమిన్ ఎంత నిలిచిందో సోమవారం కొలిచి చూపిస్తేనే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది సాగుతుంది. లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే.

సరిగ్గా అప్పుడే ల్యాబ్‌లో ఫ్రిజ్ చెడిపోయింది. పొరను నల్ల కాగితంలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, ఇంటి ఓనరమ్మ ఫ్రిజ్‌లో దాచాను. పక్కనే చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన ఆవిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

"విటమిన్ మందు పెద్దమ్మా, జర భద్రం," అన్నాను. తెరవొద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. నా తెలివి అక్కడికే.

వారం రోజుల ముసురు తర్వాత ఆదివారం ఎండ కాసింది. ముసురు విడిచిన రోజు మా గల్లీలో ఏదీ ఇంట్లో ఉండదు. చింతపండు, మిర్చి, బొంతలు, పరుపులు అన్నీ డాబా ఎక్కుతాయి. నేను పొద్దున్నే నారాయణగూడ వెళ్లి, మర్నాడు చూపించాల్సిన కాగితాలు టైపు చేయించుకుని సాయంత్రం తిరిగొచ్చాను. పెద్దమ్మ మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. చేతిలో నా డబ్బా.

"ఫ్రిజ్‌ల పెట్టి మర్చిపోయినవ్ బిడ్డ. కాగితమంత చెమ్మ పట్టింది. బూజు పడ్తదని విప్పి పొద్దుగాల్నే ఎండకు పెట్టిన. కాకులు ముట్టకుండ జాలి మూత గూడ కప్పిన. చూడు, ఆ పసుపంత పోయి కడిగిన ముత్యం లెక్క అయింది."

నిజంగానే తెల్లగా మెరుస్తోంది. నాకు కోపం నషాళానికి ఎక్కింది. కానీ ఎవరి మీద చూపించాలి? ఆ మోకాళ్ల నొప్పులతో మూడుసార్లు మెట్లెక్కి, దాన్ని తిరగేసి మరీ ఆరబెట్టిందట. ఆ పసుపే నా పనంతా అని ఆవిడకు ఎలా చెప్పను? ఇలాంటి ఇళ్లకు చేరేదాకా చెడకుండా ఉండాలనే కదా ఆ దారాలు తీసింది. చేరిన మొదటి ఇంట్లోనే ఒక్క పగటి ఎండకు ఆగలేకపోయాయి. తప్పు పెద్దమ్మదని మనసులో కూడా అనుకోలేకపోయాను. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవనూ లేను.

"ఇంకేమన్న ఉంటే తే బిడ్డ. రేపు గూడ ఎండ కొడ్తదట," అంది.

"ఇంకేం లేదు పెద్దమ్మా," అన్నాను.