ఏమీ కనిపించని పుట

ఒక మాటను ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లు మోశాను. దాని బరువు ఎంతో నాకు తెలుసు అని రాయబోయి ఆగాను. తూచి చూడనిదాన్ని తెలుసు అనకూడదు. లెక్క తప్పని మనిషినని నాకు వీధిలో పేరు. ఎవరి పిల్ల ఏ సంవత్సరం పుట్టింది, ఎవరి పొలం ఎన్ని సెంట్లు, ఏ ఏడు వానలు ఎగ్గొట్టాయి, ఇప్పటికీ వచ్చి నన్నే అడుగుతారు. చెబుతాను. ఎవరూ అడగనిది ఒకటుంది. 1942 నుంచి అది నాతోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగల్లేదు.

నా తమ్ముడు సైన్యంలో జనరల్ అయ్యాడు. కిందటి ఏడు పోయాడు. జెండా కప్పి, తుపాకులు పేల్చి సాగనంపారు. అతని ధైర్యం గురించి పత్రికల్లో రాశారు. రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. అతను ఎక్కిన మెట్లలో మొదటిది మాత్రం నేను వేశాను. దాని కింద ఒక మనిషి ఉన్నాడు.

మాది నరసరావుపేట. నాన్న డాక్టరు. పదిహేడేళ్లకు భర్త పోయి నేను పుట్టింటికి తిరిగి వచ్చాను. ఇంట్లో నన్ను ఎవరూ ఒక మాట అనలేదు. ఎవరూ నాతో మాట్లాడనూ లేదు. అమ్మ నన్ను చూస్తే ఏడుపు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లేది. చివరికి నాన్నే రోగులను చూసే గదిలో నన్ను సాయానికి పెట్టుకున్నాడు. సీసాలు కడిగేదాన్ని, కట్లు చుట్టేదాన్ని, ఆయన అడిగిన వస్తువు అందించేదాన్ని. ఆ గదిలోనే నేను మళ్లీ మనిషినయ్యాను.

మాచర్ల లైనులో రైలు ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కళ్లు ముందుగా నాన్న చూసేవాడు. దానికి ఒక పుస్తకం ఉండేది. పుటకొక గుండ్రటి బొమ్మ, దాని నిండా రంగురంగుల చుక్కలు. చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. ఎరుపూ పచ్చా విడిగా తెలిసినవాళ్లకు ఒక అంకె కనిపిస్తుంది, తెలియనివాళ్లకు ఇంకొకటి. మంచి కళ్లకు డెబ్బై నాలుగు కనిపించే చోట వాళ్లు ఇరవై ఒకటి అంటారు. పుటలు తిప్పడం నా పని. తిప్పీ తిప్పీ పుస్తకమంతా నాకు కంఠతా వచ్చింది.

గురజాల వైపు నుంచి ఒకతను, రైలు పట్టాలు మార్చే పాయింట్లమన్ ఉద్యోగానికి వెళ్లాలని వచ్చాడు. ఇరవై ఒకటి అన్నాడు. పనికిరాడని నాన్న రాసేశాడు. అతను గడప పట్టుకుని బతిమాలాడు. అతను వెళ్లాక, అంత కచ్చితం దేనికి నాన్నా అన్నాను. "వాడి కన్నీళ్లు చూస్తే రైలెక్కినోళ్ల సంగతేంది?" అన్నాడు నాన్న, చేతులు తుడుచుకుంటూ. ఈ మాట రాయకపోతే నా ఒప్పుకోలు దొంగ ఒప్పుకోలవుతుంది. ఆ పుస్తకం ఎందుకుందో తెలియక నేను తప్పు చేయలేదు. తెలిసే చేశాను.

నా తమ్ముడికి ఎరుపూ పచ్చా తెలియవని అప్పుడే నాకు అర్థమైంది. కారంపూడి దగ్గర మాకు మిరప చేను ఉండేది. చిన్నప్పుడు కోతలకు పోతే వాడు పండినవాటితో పాటు పచ్చివీ తెంపి బుట్టలో వేసేవాడు. "చిన్నయ్యకు కాయంటే కాయే, పండూ పచ్చీ తేడా లేదు" అని కూలి ఆడవాళ్లు నవ్వేవారు. పెద్దయ్యాక మా జట్కా తోలిన మస్తాన్ మరీ ఆటపట్టించేవాడు. వాడిదీ తమ్ముడి వయసే. వాడి తల్లి బీబమ్మ మా వెనక వీధిలో ఉండేది. ఆమెను నేను పిన్నీ అని పిలిచేదాన్ని. తమ్ముడిది పరాకు అనే అందరూ అనుకున్నారు. నాన్నా అంతే. ఊరందరి కళ్లకూ ఆ పుస్తకం చూపినవాడు కన్నకొడుకు ముందు ఒక్కసారి కూడా తెరవలేదు.

1942లో తమ్ముడికి సైన్యంలో అధికారిగా చేరాలనిపించింది. యుద్ధం జోరుగా ఉంది, చదువుకున్న కుర్రాళ్లను తీసుకుంటున్నారు. కళ్ల పరీక్ష ఉంటుందని తెలిసి వాడు మంచం మీద ముఖం కప్పుకుని పడుకున్నాడు. వాడు నన్ను సాయం అడగలేదు. నేనే వెళ్లి లేపాను.

ఎందుకు లేపాను? వాడి మీద ప్రేమతోనే అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతే. ఆ ఇంట్లోంచి బయటి లోకంలోకి నేను పోలేను, వాడు పోగలడు, వాడు పోతే నాలో సగమైనా పోయినట్టవుతుందని ఆశ. ఇంకొకటి కూడా ఉంది, అది ఇంకా చిన్నది. నా బుర్రలో ఉన్న ఆ అంకెలు ఎవరికైనా పనికి రావాలన్న కోరిక. ఎవరూ మాట్లాడని మనిషికి తనకు తెలిసినదాన్ని చూపించుకునే అవకాశం వస్తే ఎంత దూరం పోతుందో మీకు తెలుసో లేదో.

నాన్న ఊళ్లకు వెళ్లినప్పుడల్లా పుస్తకం తీసి వాడికి నేర్పాను. రంగులతో పని లేకుండా నేర్పాను. ఏ పుటలో అంచు దగ్గర పెద్ద చుక్క ఉంది, ఏ పుటలో కింది వైపు చుక్కలు ఒత్తుగా ఉన్నాయి, దాన్ని బట్టి ఏ అంకె చెప్పాలి. వరస మార్చి అడిగాను. పుస్తకం తిరగేసి అడిగాను. తప్పితే మళ్లీ మొదటి నుంచి. నేను కఠినమైన పంతులమ్మను.

ఒక పుట దగ్గర వాడు ఆగిపోయాడు. ఆ పుస్తకంలో విచిత్రమైన పుట అది. మంచి కళ్లకు అందులో ఏమీ కనిపించదు, ఉత్త చుక్కలే. వాడిలాంటి కళ్లకే అందులో నలభై అయిదు కనిపిస్తుంది.

"నలభై అయిదక్కా. స్పష్టంగా ఉంది."

"ఏమీ లేదని చెప్పు."

"కనపడుతుంటే లేదని ఎట్టా చెప్పేది?"

"చెప్పాలి. అదే నేర్చుకోవాల్సింది."

వాడు నేర్చుకున్నాడు. మద్రాసులో సైన్యం డాక్టర్లు చూపింది అచ్చం అదే పుస్తకం. నెగ్గాడు. లెఫ్టినెంటు దుస్తుల్లో గుమ్మంలో నిలబడితే అమ్మ దిష్టి తీసింది. ఆ రోజు నాకున్నంత సంతోషం నా పెళ్లినాడు లేదు. తమ్ముణ్ణి చూసి మస్తాన్ కూడా సిపాయిగా చేరాడు. తర్వాత తమ్ముడు పైవాళ్లతో చెప్పి వాణ్ణి తన దళంలోకి, తన దగ్గరకే తెప్పించుకున్నాడు. చిన్నయ్య ఉన్నాడు, నా కొడుక్కి భయం లేదని బీబమ్మ అందరికీ చెప్పుకుంది.

1945లో మస్తాన్ బర్మాలో చనిపోయాడని తంతి వచ్చింది. బీబమ్మ మా ఇంటికే వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. అప్పటికి నాకు ఏమీ తెలియదు. ఆ ఏడుపును నేను ఓదార్చగలిగాను. నిజం తెలిశాక ఆమెను ముట్టుకున్న ఏ రోజూ నా చేతులు నావి కాలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో తమ్ముడు సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు, మాట తగ్గింది. ఒక మధ్యాహ్నం, భోజనాలై నాన్న పడుకున్నాక, నేను గదిలో సీసాలు సర్దుతుంటే లోపలికి వచ్చాడు. అలమర తెరిచి ఆ పుస్తకం తీశాడు. వెతుక్కోకుండా నేరుగా ఆ పుటకే వెళ్లాడు.

"అక్కా, ఇందులో ఏముంది?"

"ఏంది ఇప్పుడదంతా?"

"చెప్పు."

"ఏమీ లేదు. చుక్కలు."

"నాకు నలభై అయిదు ఉంది. ఎప్పుడూ ఉంది." పుస్తకం మూయలేదు. వేలు దాని మీదే ఉంచి, ఆ పుటకు చెబుతున్నట్టు చెప్పాడు. "ఏరు దాటాలక్కా. అవతల గట్టున మావాళ్లు కొందరు ఉన్నారు. దాటొచ్చంటే ఆకాశంలోకి పచ్చ వెలుగు పేలుస్తారు, ఆగమంటే ఎర్రది. తెల్లారేటప్పుడు వెలుగు లేచింది. పచ్చదన్నాను. మస్తాన్ నా పక్కనే ఉన్నాడు. 'సరిగ్గా చూడు చిన్నయ్యా, మిరపకాయ గాదిది' అన్నాడు."

నేను సీసా కింద పెట్టాను.

"నవ్వుతానే అన్నాడు. చేలో అన్నట్టే. వాడికి ఎర్రగా కనపడింది."

"నువ్వేమన్నావు?"

"పచ్చదే, నడవరా అన్నాను. తడబడగూడదని నువ్వే గదా నేర్పింది." నా వైపు చూడలేదు. "వాడు ఇంకోమాట అనలా. అందరికంటే ముందు వాడే నీళ్లలోకి దిగాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. గట్టు కూడా చేరలేదక్కా."

"మిగతావాళ్లు చూళ్ళేదా, ఆ వెలుగు?"

"వాళ్లు దిబ్బ వెనక ఉన్నారు. చూసింది మేమిద్దరమే."

ఈ చోట నేను ఏమన్నానో చాలా మార్లు మార్చి గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించాను. కుదరలేదు. నేను అన్నది ఇది. "అయితే ఎవరికీ తెలియదు."

వాడు అప్పుడు తలెత్తి చూశాడు. "రేపు పోయి రాసిస్తా. మోసం చేసి చేరానని, నా కళ్లు పనికిరావని. ముందు బీబమ్మకు చెబుతా."

"చెప్పి? మస్తాన్ లేచొస్తాడా?"

"రాడు. ఎట్టా పోయాడో వాళ్లమ్మకు తెలియాలా, వద్దా?"

"నాన్న పేరేమయిద్ది? ఊరందరి కళ్లూ చూసినాయన. నీకు చెరసాల, ఆయనకు తలవంపులు. నేనేమయిపోతానురా?"

"నువ్వా?" అన్నాడు. కోపంతో కాదు. నిజంగా ఆశ్చర్యపోయి అన్నాడు.

"నువ్వు తప్ప నాకేముంది?"

నేను దగ్గరకు వెళ్లాను. వాడి వేలు తీసి పక్కన పెట్టి, ఆ పుటను వాడి ముందుకు తిప్పాను.

"ఇందులో ఏముంది?"

"అక్కా."

"ఏముందిరా?"

ఇరవై అయిదేళ్ల మనిషి, యుద్ధం చూసినవాడు, చిన్నపిల్లాడిలా పాఠం అప్పగించాడు. "ఏమీ లేదు."

"అంతే," అన్నాను. పుస్తకం అలమరలో పెట్టాను.

మొదటిది మోసం. ఇది ఇంకొకటి. దీనికి పేరు నాకు దొరకలేదు. చెప్పాలని వచ్చిన మనిషి నోరు నేను మూశాను. మిగతా బతుకంతా వాడు మంచివాడిగా ఉండవచ్చు, కానీ ఆ ఒక్క రోజు వాడు ఎంత మంచివాడు కాగలిగేవాడో, అంత మంచివాణ్ణి నేను కానివ్వలేదు.

వాడు వెళ్లిన మర్నాడే బీబమ్మ వచ్చింది. "మా మస్తాన్ ఎట్టా పోయాడో చిన్నయ్య ఏమన్నా చెప్పాడా అమ్మా?"

"అందరికంటే ముందు నడిచాడంట పిన్నీ," అన్నాను.

చూశారా, అబద్ధం లేదు. తూచి, కొలిచి, నిజమైన ముక్కనే ఏరి ఇచ్చాను. ఆమె దాన్ని ఇంటికి తీసుకుపోయి పెంచుకుంది. తన కొడుకు చిన్నయ్యకు అడ్డంపడి ప్రాణం ఇచ్చాడని ఆమె అనుకుంది. నేను కాదనలేదు. తమ్ముడు కెప్టెన్ అయినప్పుడు, మేజర్ అయినప్పుడు, కల్నల్ అయినప్పుడు, ప్రతిసారీ బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టేది. "నా కొడుకు కాపాడిన బిడ్డ పైకొస్తన్నాడు" అనేది. ఆ బెల్లం నేను తిన్నాను. ప్రతిసారీ తిన్నాను.

తమ్ముడు ఆ తర్వాత మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండలేదు. వచ్చేవాడు, అమ్మకూ నాన్నకూ దణ్ణం పెట్టేవాడు, బండి వేళకు వెళ్లిపోయేవాడు. నాతో వానల గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడేవాడు. ఎవరి కోసం నేను అదంతా చేశానో ఆ మనిషినే పోగొట్టుకున్నాను. అమ్మా నాన్నా పోయాక ఈ ఇంట్లో నేనూ ఆ అలమరా మిగిలాం.

అతను జనరల్ అయ్యాక పేటలో సన్మానం చేశారు. అతని కింద పనిచేసిన అధికారి ఒకాయన మాట్లాడుతూ, ఈయన ఏ ఆజ్ఞ ఇచ్చే ముందైనా పక్కనున్న అతి చిన్న సిపాయిని కూడా అడిగేవారు, "నీకేం కనపడుతోంది" అని, అందుకే ఈయన వెంట ఉన్నవాళ్లు క్షేమంగా ఇళ్లకు చేరారు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో సభలో ఇద్దరికే తెలుసు. అలా అడిగి అతను ఎందరిని బతికించి ఉంటాడో అని కొన్నాళ్లు నేను లెక్క వేయబోయాను. ఇక్కడ ముగ్గురు, అక్కడ ఇందరు. తర్వాత సిగ్గేసి మానుకున్నాను. మనుషులను అలా కూడి తీసివేయడానికి నేనెవరిని?

బీబమ్మ ఆ రోజు నా పక్కనే కూర్చుంది, ముడతలు పడి, సగం చూపుతో. సభ అయ్యాక నా చెయ్యి పట్టుకుని నడుస్తూ అంది. "చిన్నయ్య నా వైపు చూళ్ళేదమ్మా. గుర్తు పట్టలేదేమో. చానా పెద్దోడయ్యాడు గదా."

"జనంలో కనపడి ఉండవు పిన్నీ," అన్నాను.

అది మాత్రం అబద్ధం. ఆ రెండేళ్లకు ఆమె పోయింది.

తమ్ముడు బతికుండగా ఇది రాయకపోవడానికి అతని పేరు కారణం అనుకున్నాను. అతను పోయాక కూడా ఏడాది ఆగాను కాబట్టి అదీ సాకే. అతని పేరు ఇప్పటికీ రాయలేదు, నా పేరూ రాయను. ఆ పిరికితనం కూడా నాదేనని రాసుకోండి. బీబమ్మ మనుషులు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకు మస్తాన్ అన్న పేరూ, మిరప చేనూ, చిన్నయ్యా చాలు, ఇల్లు తెలిసిపోతుంది. వచ్చి అడిగితే చెబుతాను. క్షమించమని అడగను. క్షమించవలసిన మనిషి మట్టిలో కలిసేదాకా, ఆమె బెల్లం తిన్న ఈ నోరు నేను విప్పలేదు.

పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఇందాక ఆ పుట తెరిచాను. రంగులు వెలిసిపోయాయి, నాకు ఎప్పటిలాగే ఉత్త చుక్కలే కనిపించాయి. ఎవరూ అడగకపోయినా గదిలో పైకే అన్నాను, ఉంది అని. ఏరు ఉంది, ఎర్ర వెలుగు ఉంది, మస్తాన్ ఉన్నాడు. పుస్తకం తిరిగి అలమరలో పెట్టలేదు. బల్ల మీద తెరిచే ఉంచాను.