బావ చేసిన బాంబు గోతులు

ఆదివారాలు మా దువ్వాడ ఫ్లాట్‌లో నలుగురం కలిసి యుద్ధాల ఆట ఆడతాం. డైనింగ్ టేబుల్ మీద బొటనవేలంత సైనికుల బొమ్మలు, కూలిన గోడలు, బాంబులు పడి ఏర్పడిన గోతులు. గోతిలో ఉన్న బొమ్మకు దెబ్బ తగలడం కష్టం, అందుకే అందరికీ గోతులు కావాలి. నా దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నవి రెండే ఉండేవి.

ఆమధ్య మా ఫ్లాట్‌కు రంగులు వేయడానికి మా అక్క భర్త ఎలమంచిలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. ఇళ్లకు రంగులు వేయడమే ఆయన వృత్తి. ఆ రెండు గోతుల్నీ అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"గోతులు కూడా కొనుక్కుంతారేటి బావా? మన రోడ్ల మీద కావాల్సినన్ని ఉన్నాయి కదా!" అని పగలబడి నవ్వాడు. "ఇలాటివి నాను సేత్తాను, సూడు," అన్నాడు.

పూర్ణా మార్కెట్ నుంచి నేను తెచ్చిన థర్మాకోల్‌ను గుండ్రంగా కోసి, మధ్యలో తొలిచి, గోడలకు పెట్టే లప్పంలో ఇసుక కలిపి అంచులు లేపాడు. ఆరాక నల్లరంగు పూశాడు. ఆ పైన బూడిదరంగులో ముంచిన బ్రష్షును పేపరు మీద బాగా తుడిచేసి, ఆ పొడి కుచ్చుతో అంచుల్ని తాకీ తాకనట్టు తాకించాడు. నిజంగా రాయి పగిలి పైకి లేచినట్టే వచ్చింది. పని ముగిశాక కూర్చుని రెండు రోజుల్లో ఆరు చేశాడు. నేను కొన్నవి వాటి పక్కన వెలవెలబోయాయి.

ఆదివారం మిత్రులు వచ్చారు. వాళ్లలో ఒకాయన ఆఫీసులో నా పైఅధికారి. ఒక గోతిని చేతిలోకి తీసుకుని, "అబ్బ, ఎంత బాగుందండీ! ఎక్కడ దొరికింది?" అన్నారు.

"ఆన్‌లైన్‌లో తెప్పించానండీ."

పక్కగదిలో బావ గోడకు లప్పం పెడుతున్నాడు. తలుపు తీసే ఉంది. లప్పం రేకు గోడను గీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"లోపల ఎవరో ఉన్నట్టున్నారు?" అన్నారాయన.

"పెయింటరండీ."

అప్పుడే మా ఆవిడ టీలు తెచ్చింది. ముందు ఆ గది గుమ్మం దగ్గర ఆగి, "అన్నయ్యా, టీ తాగి చేద్దురుగాని," అంది. మిత్రులు ముగ్గురూ తలలు వంచుకుని టేబుల్ వైపే చూశారు. ఆ రోజు ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

సాయంత్రం బావ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాను. "బావా, ఇందాక నేను..."

"అబద్దమేటున్నాది బావా, పెయింటర్నే కదా నాను," అన్నాడు తువ్వాలు అందుకుంటూ. గోతుల ఊసెత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆఫీసులో పైఅధికారికి నిజం చెప్పాను. "అర్థమైందిలెండి," అన్నారాయన. "వారినడిగి నాకూ నాలుగు చేయించి పెట్టండి." ఆ మాట బావతో అంటే, "ఖాళీ లేదు బావా," అన్నాడు, గోడ మీంచి చూపు తిప్పకుండా. మరుసటి ఆదివారం మిత్రులు రాకముందే రైలెక్కి ఎలమంచిలి వెళ్లి, సోమవారం తిరిగొచ్చాడు. మిగిలిన గదులు పూర్తిచేసి వెళ్లిపోయాడు.

ఈమధ్య అక్క ఫోన్ చేసింది. "మీ బావ సేసిన గోతుల్ని మీవోళ్లు తెగ మెచ్చుకున్నారంట కదరా? ఆయనే సెప్పేడు," అంది సంబరంగా.

"అవునక్కా," అన్నాను.