ఇరుకైన లావు అక్షరాలు

కడపలో ఆ ప్రెస్సు యజమానిని నేను ఈరోజుకీ క్షమించలేదు. చచ్చిపోయాడని కబురు వచ్చిన రోజు కూడా నా మనసు మెత్తబడలేదు.

నా భర్త ఆ ప్రెస్సుకు గోడ పోస్టర్ల అక్షరాలు కొయ్యలో చెక్కేవాడు. జానెడు ఎత్తు, లావు గీతలు, ఇరుకు ఒళ్లు. ఎక్కడా గీత సన్నబడదు, సోకు తోకలుండవు. పొడుగాటి ఊరి పేరైనా ఒక్క వరుసలో పట్టాలి, బస్సులో పోయేవాడికీ కనపడాలి. అందుకే ఆ తీరు. చివరి మూడేళ్లు ఆయన చెయ్యి వణికింది. ఉలి నేను పట్టాను. ఆఖరికి గీత గీసిందీ నేనే. నాకు చదువు రాదు. అచ్చుకోసం తిరగేసి చెక్కుతాం కదా, అట్లా తిరగబడిన అక్షరాలే నాకు తెలుసు. ఇదంతా యజమానికీ తెలుసు.

ఆయన చనిపోయిన నెలకు నేనే వెళ్లి పని అడిగాను.

"పెండ్లి పత్రికలు అచ్చయ్యే చోటమ్మా ఇది. నువ్వు ఈడికి రాగూడదు" అన్నాడు.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన చైత్రంలో, ఒంటిమిట్ట తిరునాళ్లకు బస్సులు తిప్పేవాళ్లు పెద్ద పోస్టరు అడిగారు. కొత్త అక్షరాలు కావాలి. యజమాని తలుపులు చేసే వడ్రంగికి అప్పగించాడు. ఇరుకు చేయమంటే ఆ మహానుభావుడు అక్షరాన్ని అన్ని వైపులా నొక్కేశాడు. లోపలి సందులు మూసుకుపోయాయి. సిరా పూసి అద్దితే కాగితం మీద నల్లటి పేడముద్దలు పడ్డాయి. ఒళ్లు బయట తగ్గించాలి, కడుపులో చోటు ఉంచాలి. మా ఇంట్లో ప్రతి అక్షరం కడుపులోనూ జొన్నగింజ పెట్టి చూసేవాళ్లం. గింజ పట్టకపోతే ఆ కొయ్య పొయ్యిలోకే.

యజమాని వచ్చి మా గడప బయట నిలబడ్డాడు.

"తొమ్మిది అక్షరాలు చెక్కియ్యి. ఇంట్లోనే చెయ్యి. తలుపులు చేసే వడ్లాయప్ప చేసినాడని చెప్తాలే."

"నా చెయ్యి తగిలితే దేవునికి మైల కాదా అప్పా?"

"ఎవురు చెక్కినారో ఎవురికి తెలుస్తాది?"

"అందరికీ తెలియాల. నీ ప్రెస్సులో, పగలే కూచోని చెక్కుతా. ఇంక రోజూ వస్తా. కాదంటే ఆ పేడముద్దలే అంటించుకో."

పళ్లు నూరుతూ ఒప్పుకున్నాడు. తెల్లారి పోతే మూలలో నాకోసం గోనెపట్టా పరదా కట్టించి ఉన్నాడు. దాని వెనక చీకట్లో ఉలి మొన కూడా కనపడదు. పట్టా లాగి, మడిచి కింద వేసుకుని, వాకిలి దగ్గర వెలుతురులో కూర్చున్నాను.

మధ్యాహ్నం పెండ్లి పత్రికల కోసం ఒకాయన వచ్చాడు. నా బోసి నుదురు చూసి మెట్టు మీదనే వెనక్కి తిరిగాడు.

"చూసినావా, శుభమా అని వచ్చినోడు పోతాండాడు. లెయ్, లోపలికి పో" అన్నాడు యజమాని.

"నేను లేస్తే నీ బస్సులోళ్లకు ఏం చూపిస్తావు? ఇంకా మూడు ఉండాయి."

నాకు కొయ్యలు కోసిస్తున్న వడ్రంగి నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

తొమ్మిదీ చెక్కాను. పోస్టరు అచ్చయింది. సాయంత్రం యజమాని "రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

మరునాడు పోయాను. నన్ను చూసి తలుపు వేసుకున్నాడు. వాకిట్లో, వచ్చేవాళ్లకు నేనే ముందు ఎదురయ్యేటట్టు కూర్చున్నాను. రెండు రోజులు పెండ్లి పని ఒక్కటి రాలేదు. మూడోనాడు తలుపు తెరిచి, చెక్కాల్సిన కొయ్యలు తెచ్చి నా కాళ్ల ముందు విసిరేశాడు. ఏరుకుని లోపలికి పోయాను. పదకొండేళ్లు అక్కడే చెక్కాను. అన్నేళ్లూ అతను నా ముఖం చూసి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.