బీరువాకు వద్దన్న బూడిదపూత

ఆ బీరువా తలుపు తీయాలంటే ఇప్పటికీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. లోపల అమ్మ ఉంటుందన్న భయం కాదు, ఉంటే నన్నేమంటుందోనని.

మాది నాగర్‌కర్నూల్‌లో కిరాణా కొట్టు. బేరమాడకుండా కొనడాన్ని మా ఇంట్లో జబ్బు కింద లెక్కేసేవారు. నేనెంత ఆరోగ్యవంతుణ్ణంటే, దవాఖానలో మందుబిళ్ళలకు కూడా ధర తగ్గించమన్నవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అమ్మకు బీరువా చేయించడానికి వనపర్తి పోయాను. అందులో ఆమె దాచదలచింది ఒక్కటే: గద్వాల చీర. తెల్లటి నూలు, ఎర్ర పట్టంచు.

"నేను పోయిననాడు గిదే కట్టున్రి. ఇంకోటి కడ్తే ఒప్పుకోను," అనేది.

బీరువాలు చేసే మేస్త్రి షెడ్డులో తొట్లు వరుసగా ఉన్నాయి. ఆమ్లంలో తుప్పు వదిలించి కడిగిన వేరేవాళ్ళ రేకును వేడి ఫాస్ఫేటు నీళ్ళలో ముంచి తీశాడు. రేకు బూడిదరంగుకు తిరిగింది.

"ఏంది మేస్త్రీ గిది?"

"గీ పూతుంటేనే పైన రంగు పట్టుకుంటది సేటూ. లేకుంటే రంగు కిందనే తుప్పు పుడ్తది."

"రంగేసినంక గిది కనబడ్తదా?"

"కనబడదు."

"కనబడనిదానికి నేనెందుకియ్యాలె? మా రేకులు ముంచకు, గంత తగ్గించు."

"జర ఆలోచించున్రి. బట్టలు పెట్టే బీరువా అంటున్నరు."

గెలిచింది నేనే. బస్సులో నవ్వుకుంటూ వచ్చాను.

మూడో వానాకాలంలో అమ్మ పోయింది. అక్క బీరువా తెరిచింది. పై అర రంగు పొక్కులు లేచి పగిలి, చెమ్మతో కారిన తుప్పు చీర మడతమడతకీ దిగింది. అక్క నిమ్మకాయతో రుద్దింది. మరక పోలేదు, నూలే పీచులేచింది.

"గిదెట్ల కడ్తంరా అమ్మకు?"

ఆ చీరను మళ్ళీ బీరువాలోనే పెట్టేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఏటా వానలకు మరక ఇంకాస్త పాకినట్టు అనిపిస్తుంది. విప్పి చూసే ధైర్యం లేదు.

అమ్మ పోయిన ఆ పొద్దున బట్టల కొట్టుకు పరుగెత్తాను. గద్వాల చీర దొరకలేదు. ఎర్రంచు తెల్లచీర ఒకటి దొరికింది. కొట్టాయన ధర చెప్పగానే నా నోరు దానంతటదే, "జర చూసి చెప్పు," అంది. మా ఇంట్లో చావు ఆయనకు తెలుసు. నా మొహంలోకి ఒకసారి చూసి, సగం ధరే తీసుకున్నాడు.

లోపల అక్క అమ్మకు ఆ చీర కుచ్చిళ్ళు సర్దుతుంటే, నేను వాకిట్లో నిలబడి, మిగిలిన నోట్లను జేబులో పిడికిట పట్టుకునే ఉన్నాను.