ఏడుపు పాట స్టాపు

ఆ రోజుల్లో క్యాసెట్ కొనడమంటే పెళ్లి చేసుకున్నట్టే. నచ్చిన పాటతోపాటు నచ్చనిదాన్నీ భరించాలి. తొంభైల్లో నేను మదనపల్లె-పుంగనూరు ప్రైవేటు బస్సులో కండక్టర్ని. డ్రైవరు మా మామ. ఆయన కూతుర్ని నాకే ఇస్తారని అందరూ అనుకుంటున్న కాలం (అందరూ అంటే నేనొక్కడినే). మదనపల్లె బస్టాండు వదలగానే రోజూ ఒకటే పాప్ ఆల్బమ్. అన్నీ చిందులేయించే పాటలే, చివర్లో ఒక్క ఏడుపు పాట తప్ప.

"అది అందులో యాల మామా? పాడేవాడికి జలుబు చేసుండాది, వాయించేవాడికి నిద్దరొస్తాండాది. తీసేద్దాం" అన్నాను.

"కడాకు మజ్జిగన్నం యాలంటే ఏం జెప్పేది? అదుండాల" అన్నాడు మామ.

బస్సంతా రెండు పార్టీలుగా చీలిపోయిందని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి వాదించింది మేమిద్దరమే. టమాటా రైతొకాయన నిద్రలో తలూపితే నా వైపు ఓటుగా లెక్కేసుకున్నాను. చివరకు మామ, "ఒక పాటనే ఓర్సుకోలేనోడు నా బిడ్డనేం ఓర్సుకుంటాడు" అనేశాడు. గుండె జారింది గానీ మొండితనం జారలేదు. మామకు చెప్పకుండా రికార్డింగ్ షాపులో ఆ పాట తీసేసి, దాని చోట హుషారైనది ఎక్కించిన ఇంకో క్యాసెట్ చేయించి బస్సులో పెట్టాను.

మర్నాడు ఆ కొత్త పాటకు టికెట్ల కట్ట మీద నేను, స్టీరింగు మీద మామ తాళం వేస్తూ పుంగనూరు చేరిపోయాం. మదనపల్లెలో ఆకుకూరలమ్మి ఇంటికి పోతున్న మామ తల్లి, మా అవ్వ, వెనక సీట్లో కళ్లు నులుముకుంటూ లేచింది. "ఏమప్పా, మనూరు యాడ?"

దారిలో ఉండే మా ఊరు ఎప్పుడో దాటిపోయింది. రోజూ సరిగ్గా ఊరు దగ్గరపడేసరికి ఏడుపు పాట వచ్చేది. అది మొదలైతే అవ్వకు మెలకువ, మామ కాలు బ్రేకు మీదికి, విజిల్ నా నోట్లోకి. ముగ్గురికీ గుర్తు అదే. అది లేకపోయేసరికి మామ సొంత ఊరే దాటించేశాడు.

అవ్వ ఖాళీ గంప నా నెత్తిన పెట్టింది. "జలుబని పాటను తీసేస్తివి. రేపు నా మనవరాలికి జలుబు జేస్తే?"

ఆ గంపతో పుంగనూరంతా తిరిగానని మనవళ్లకు చెబుతుంటాను (టీకొట్టు దాకానే). తిరుగు ట్రిప్పులో అవ్వను ఇంటి దగ్గర దించి, పాత క్యాసెట్ మళ్లీ పెట్టాను. కొన్నాళ్లకు పిల్లనూ ఇచ్చారు.

ఇప్పుడా ఆల్బమ్ మా ఆవిడ ఫోనులో ఉంది. ఆ పాట ఇప్పటికీ బాగుండదు. అందులో రాజీ లేదు. కానీ అది మొదలుకాగానే, కుర్చీలో కునుకుతున్నవాణ్ని కాస్తా లేచి చెప్పులు వెతుక్కుంటాను.

"మనూరింకా రాలేదు, కూసో" అంటుంది మా ఆవిడ.